ఊరు ఇస్తాం, ఓటు అడక్కండి

మున్సిపాలిటీకి ఇంటిపన్ను కట్టి, కాలవలో పూడిక తీయించమని కౌన్సిలర్ గుమ్మం చుట్టూ తిరిగి తిరిగి, ఆఖరికి తామే పార పట్టుకునే యలమంచిలి వాసులకు ఒక శుభవార్త. మన రోగానికి ప్రపంచంలోని తెలివైనవాళ్లు మందు కనిపెట్టారు. ఊరిని కంపెనీకి ఇచ్చెయ్యడమే ఆ మందు.

గనుల కంపెనీ పెట్టి నడిపిన టైటస్ గేబెల్ అనే జర్మనీ పెద్దమనిషి 2018లో ‘ఫ్రీ ప్రైవేట్ సిటీస్’ అని ఏకంగా పుస్తకమే రాశాడు. ప్రభుత్వమనేది కూడా ఒక సేవేనంటాడాయన. నగరం నడిపే కంపెనీ, అందులో కాపురం ఉండదలచినవాడు, ఇద్దరూ ఒప్పందం మీద సంతకాలు పెట్టుకుంటారు. ఏటా ఇంతని రుసుము. దానికి బదులుగా ప్రాణానికీ ఆస్తికీ రక్షణ. ఒప్పందంలోని షరతుల్ని కంపెనీ తన ఇష్టానికి మార్చకూడదు. పేచీ వస్తే బయటి మధ్యవర్తి తేలుస్తాడు. నచ్చకపోతే ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. అంతా స్వచ్ఛందం. ఎన్నికలుండవు, మైకులుండవు, గోడల మీద రాతలుండవు, పోలింగుకు ముందురోజు రాత్రి ఇంటికొచ్చే కవరూ ఉండదు. ఆ చివరిదొక్కటీ తప్ప మిగతావి పోయినా మనవాళ్లకు పెద్ద బెంగ ఉండదనుకుంటాను.

మరి ఆ లెక్కన యలమంచిలి ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. మున్సిపల్ ఆఫీసు ఉన్నచోట అద్దాల గదిలో కస్టమర్ సెంటర్ వెలుస్తుంది. వీధి దీపం వెలగట్లేదని ఫోన్ చేస్తే తెలుగు కోసం ఒకటి నొక్కమంటారు. నొక్కుతాం. మీ కాల్ మాకెంతో విలువైనదంటూ పాట వినిపిస్తారు. చీకట్లో నిలబడి ఆ పాట వింటాం. బ్రాంజ్ ప్యాకేజీ వీధికి రోజు విడిచి రోజు నీళ్లు, గోల్డ్ వీధికి రెండు పూటలా నీళ్లు. ప్లాటినం వీధికి దోమలు రావు, వాటిని బ్రాంజ్ వీధిలోకి తోలేస్తారు. పుట్టిన బిడ్డ సంతకం పెట్టలేదు గనుక మైనారిటీ తీరేదాకా అతిథి. రుసుము కట్టలేక మంచం పట్టిన ముసలాయన ‘స్వచ్ఛందంగా నిష్క్రమించిన’ ఖాతాలోకి వెళతాడు. కాగితాలు పట్టుకుని గుమ్మంలోకొచ్చిన టై కట్టిన కుర్రాణ్ణి మన మామ్మ ఒకామె అడుగుతుంది:

“సంతకం ఎట్టకపోతే ఏటవుద్ది బాబూ?”

“ఏమీ కాదు మామ్మా, ఇది పూర్తిగా మీ ఇష్టం. మీరు ఈ ఊళ్లో ఉండరు, అంతే.”

“మరి నానెక్కడికెల్లాలి?”

“అది మా ఒప్పందం పరిధిలోకి రాదండీ.”

ఇదంతా ఎకసెక్కం అనుకునేవాళ్లు హోండురాస్ సంగతి వినాలి. ఆ దేశం 2013లో ఇలాంటి నగరాల కోసమే ప్రత్యేక చట్టం చేసింది. రోటాన్ దీవిలో ఒక అమెరికా కంపెనీ ‘ప్రోస్పెరా’ అనే నగరం మొదలుపెట్టింది. సొంత నిబంధనలు, సొంత పన్నులు, తగవులు తీర్చే సొంత ఏర్పాటు. చేరాలంటే ఒప్పందం మీద సంతకం తప్పనిసరి. పక్కనే క్రాఫిష్ రాక్ అని చిన్న జాలరి పల్లె ఉంది. దాన్నెవరూ సంతకం అడగలేదు. రేపు మా నేల మీదికీ వస్తారేమోనని ఆ పల్లె భయపడుతూ కూర్చుంది. 2022 ఏప్రిల్లో హోండురాస్ పార్లమెంటు ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా రద్దు చేసింది. నచ్చకపోతే వెళ్లిపోవడమే కదా ఈ మతంలో మూలమంత్రం? అలాగైతే కంపెనీ మూటాముల్లె సర్దుకోవాలి. సర్దుకోలేదు సరికదా, 1,000 కోట్ల డాలర్లకు పైగా పరిహారం కక్కమని ప్రపంచ బ్యాంకు గొడుగు కింది అంతర్జాతీయ మధ్యవర్తుల దగ్గర ఆ పేద దేశం మీద దావా వేసింది. 2024 సెప్టెంబరులో అక్కడి సుప్రీంకోర్టు కూడా ఈ నగరాల ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. దావా మాత్రం ఆగలేదు. వెళ్లిపోయే స్వేచ్ఛ జనానికట, వెళ్లేటప్పుడు బిల్లు వేసే స్వేచ్ఛ కంపెనీకట.

ఈ వ్యాపారంలో మనం మరీ వెనకబడ్డామని నొచ్చుకోనక్కర్లేదు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి సముద్రపు ఒడ్డున కాస్త నేల రాసిచ్చాడు. కోట కట్టుకోండి, వ్యాపారం చేసుకోండి, రేవు రాబడిలో నా వాటా నాకివ్వండి అన్నాడు. ఎవరూ ఎవరి మెడ మీదా కత్తి పెట్టలేదు, పక్కా స్వచ్ఛందం. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు మీద అది చెన్నపట్నం అయింది. కంపెనీ నడిపిన ప్రైవేటు నగరం. కోటలో తెల్లవాళ్ల పట్నం, కోట బయట నల్లవాళ్ల పట్నం. ప్లాటినం, బ్రాంజ్ అన్నమాట. సేవలు బాగానే ఉండి ఉంటాయి, మన తెలుగు వర్తకులూ దుబాసీలూ వరస కట్టి వెళ్లారు. అదే కంపెనీ 1765లో ఢిల్లీ పాదుషా దగ్గర ఫర్మానా పుచ్చుకుని మన ఉత్తర సర్కార్లకు యజమానై కూర్చుంది. పేష్కషు, అంటే కప్పం, బకాయి పడితే ఆ కంపెనీ కస్టమర్ కేర్ ఎలా పలుకుతుందో విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు 1794 జూలై 10న పద్మనాభం దగ్గర స్వయంగా చూశాడు. చూసింది చెప్పడానికి మిగల్లేదు.

అంత పాత కథ ఎందుకంటారా, అచ్యుతాపురం బస్సెక్కండి. మన నియోజకవర్గమే. ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్) ఉంది, వెయ్యెకరాల్లో శ్రీలంక బ్రాండిక్స్ వారి బట్టల నగరం ఉంది. నగరమన్న మాట నాది కాదు, పేరే బ్రాండిక్స్ ఇండియా అపెరల్ సిటీ. తెల్లారకుండానే చుట్టుపక్కల ఊళ్ల మలుపుల్లో ఆడపిల్లలు మెళ్లో ఐడీ కార్డు, చేతిలో క్యారేజీతో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంటారు. వాళ్లు కుట్టిన లోదుస్తులు సముద్రాలు దాటిపోతాయి. వాళ్లు మాత్రం షిఫ్టు దిగాక ఊరికొచ్చి పొయ్యి వెలిగిస్తారు. పగలంతా వేలమంది మసిలే ఆ నగరానికి ఓటర్ల జాబితా లేదు, వార్డు లేదు, మేయరు లేడు. గేబెల్‌గారు కలగన్న ఊరికి ఇంతకన్నా దగ్గరి నమూనా చూపించమనండి.

2005 నాటి సెజ్ చట్టం ప్రకారం ఆ ప్రహరీ లోపలి నేల కస్టమ్స్ లెక్కల్లో దేశం బయట ఉన్నట్టే. యలమంచిలి పిల్లలు రోజూ విదేశం వెళ్లి వస్తున్నారు. పాస్‌పోర్టు అక్కర్లేదు, గేట్ పాస్ చాలు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ పారిశ్రామికవాడల్లో పన్ను వసూలు చేసేదీ, భవనాల ప్లాన్లు మంజూరు చేసేదీ ‘ఐలా’ అనే సంస్థ. అందులో జనం ఓటేసి పంపినవాడు ఒక్కడూ ఉండడు. సర్పంచికి అమ్మవారి పండగలో కొబ్బరికాయ కొట్టే అధికారం ఉంటుంది గానీ గోడ అవతలికి తొంగిచూసే అధికారం ఉండదు.

ఇక స్వచ్ఛందం మాట. ఆ సెజ్ కోసం భూములు పోయినవాళ్లను ఎవరూ ఒప్పందానికి పిలవలేదు. ప్రభుత్వమే భూసేకరణ నోటీసులిచ్చి తీసుకుంది. అప్పటికి అమల్లో ఉన్నది 1894 నాటి తెల్లదొరల చట్టం. ఆ నోటీసులో ‘ఇవ్వను’ అని టిక్కు పెట్టే గడి ఉండదు. ఊళ్లు ఖాళీ చేసినవాళ్లు పునరావాస కాలనీలకు చేరారు. నేలంతా చదునయ్యాక, ప్రహరీ లేచాక, అప్పుడొచ్చింది స్వచ్ఛందం. అపాయింట్‌మెంట్ లెటరు రూపంలో. ఒప్పందాల నగరం ఎక్కడ కట్టినా పునాదిలో కలెక్టర్ సంతకం ఉంటుంది. మిగతా సంతకాలన్నీ దాని మీద పేర్చినవే.

ఆ లెటరు మీద సంతకం పెట్టేది ఎవరు? ఇంటరు గట్టెక్కిన పిల్ల. చెరకు తోలిన డబ్బులు రాక ఇంట్లో అప్పు. అటువైపు కూర్చున్నది లాయర్ల గదీ, హెచ్ఆర్ గదీ ఉన్న కంపెనీ. నచ్చకపోతే మానేసే స్వేచ్ఛ ఆ పిల్లకు నిండా ఉంది. మానేసిన మర్నాడు అదే మలుపులో ఇంకో పిల్ల బస్సు కోసం నిలబడుతుంది.

2022 జూన్ 3న ఆ బట్టల నగరంలోకి ఘాటైన వాయువు వచ్చింది. రెండొందల మంది దాకా ఆడపిల్లలు కళ్లు మండి, వాంతులై కుప్పకూలారు. రెండు నెలలు తిరక్కుండా ఆగస్టు 2న మళ్లీ అదే. ఈసారీ వందకు పైనే. 2024 ఆగస్టు 21న మధ్యాహ్నం భోజనాల వేళ అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మాలో ద్రావకం కారి, ఆవిరై, అంటుకుని పేలింది. 17 మంది చనిపోయారు.

ఆ రోజు గేటు దగ్గర పాస్ ఎవరూ అడగలేదు. సర్కారు ఫైరింజన్లు వెళ్లాయి, కలెక్టరు వెళ్లారు, పోలీసులు వెళ్లారు. శవాలు విశాఖలోని ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్‌కు వచ్చాయి. ముఖ్యమంత్రి వచ్చి పరిహారం ప్రకటించారు. లాభాలు వచ్చే రోజుల్లో దేశం బయట ఉన్న నేల, మంటలు లేచిన రోజున చప్పున దేశంలోకి వచ్చేసింది. కేజీహెచ్ ఎవరి డబ్బుతో నడుస్తుందో నేను చెప్పనక్కర్లేదు. బ్రాంజ్, గోల్డ్ అని అడక్కుండా చేర్చుకునే ఆస్పత్రి అదొక్కటే. ప్రైవేటు నగరాల బ్రోషర్లలో ఈత కొలను ఉంటుంది, సైకిల్ బాట ఉంటుంది, శవాగారం ఉండదు.

సంతకాల మీద నగరం కట్టడమంటే మళ్లీ మనమే చెప్పుకోవాలి. 2015లో అమరావతి కోసం 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా అంగీకార పత్రాల మీద రాసిచ్చారు. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల ఇళ్లస్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. ఏటి పక్కన సారవంతమైన జరీబు నేలైతే వాణిజ్య స్థలం 450 గజాలు. పదేళ్లు కౌలు, మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు, ఏటా మొదటి మొత్తంలో పది శాతం చొప్పున పెంపు. ఇవ్వనన్నవాళ్ల కోసం భూసేకరణ నోటీసు పక్కన సిద్ధంగానే ఉంది, అది వేరే సంగతి. ఆ రైతుల భూముల్లో 1,691 ఎకరాల స్టార్టప్ ప్రాంతాన్ని సింగపూర్ కంపెనీలు అసెండాస్-సింగ్‌బ్రిడ్జ్, సెంబ్‌కార్ప్‌ల చేతిలో పెట్టారు. వాటా వాళ్లకు 58, మనకు 42.

2019లో ప్రభుత్వం మారింది. నవంబరులో సింగపూర్ ఒప్పందం ‘పరస్పర అంగీకారంతో’ రద్దయింది. కంపెనీలు చేతులు దులుపుకుని విమానమెక్కాయి. డిసెంబరులో రాజధానిని మూడు ముక్కలు చేస్తామన్నారు. రైతు చేతిలోనూ ఒప్పందమే ఉంది, అదీ ప్రభుత్వం ముద్ర వేసినదే. ఆయన ఎక్కడికి ఎగిరిపోతాడు? గట్లు చెరిపి చదును చేసిన పొలాన్ని ఏ నిష్క్రమణ షరతు కింద వెనక్కి తీసుకుంటాడు? 2021 చలికాలంలో అమరావతి నుంచి తిరుపతి దాకా నడిచారు, ఆడవాళ్లూ ముసలివాళ్లూ కూడా. 2022 మార్చి 3న హైకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. ఇన్ని నెలల్లో కట్టి తీరాలంది. గడువుల మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. తుమ్మచెట్లు మొలిచాయి. ఆ నేల మీద మళ్లీ క్రేన్లు లేచింది ఏ క్లాజు వల్లా కాదు, 2024 ఎన్నికల వల్ల. సంతకం గెలవలేక చతికిలబడ్డ చోట ఓటు వెళ్లి లేపింది. ఒప్పందాల నగర భక్తులు ఏ ఓటును చెత్త కింద ఊడ్చేద్దామంటున్నారో అదే ఓటు. ఒకవేళ ఆ ప్రభుత్వం స్థానంలో ఒక కంపెనీ ఉండి, ఆ కంపెనీ డైరెక్టర్లు మనసు మార్చుకుని ఉంటే, రైతులు ఏ ఎన్నికల కోసం ఎదురుచూసేవాళ్లు?

రోడ్లు బాగుంటాయి కదా, జంషెడ్‌పూర్ చూడండి అంటారు కొందరు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి బతకడానికి వెళ్లినవాళ్ల మనవలు ఇప్పటికీ తెలుగు మాట్లాడుకునే ఊరది. టాటావారి నీళ్లూ రోడ్లూ బాగుంటాయి, ఒప్పుకుందాం. 74వ రాజ్యాంగ సవరణలోనే ఇలాంటి ఊళ్లకు ఒక కిటికీ పెట్టారు. కంపెనీయే సేవలందిస్తుంటే గవర్నరు దాన్ని పారిశ్రామిక పట్టణమని ప్రకటించవచ్చు, మున్సిపాలిటీ అక్కర్లేదు. విచిత్రమేమంటే ఆ మంచి నీళ్లు తాగుతూనే, మాకు మున్సిపాలిటీ కావాలని ఆ ఊరివాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. పిచ్చివాళ్లనుకోవాలా?

యలమంచిలి మున్సిపాలిటీ స్వర్గమని నేను ఏనాడూ అనలేదు. అంటే మా వీధివాళ్లే నన్ను బతకనివ్వరు. కానీ మన కౌన్సిలరు ఎంత పనికిమాలినవాడైనా టీ కొట్టు దగ్గర దొరుకుతాడు. దొరికినప్పుడు నలుగురిలో నిలదీయొచ్చు. ముఖం చాటేస్తే అయిదేళ్లకొకసారి మన గుమ్మానికే వచ్చి చేతులు జోడించాలి. ఆ ఒక్క క్షణంలో ప్యాకేజీ లేనివాడూ, పన్ను బకాయి ఉన్నవాడూ, మంచం పట్టిన ముసలాయనా ఆయనకు సమానమే. ఒప్పందాల నగరంలో పోయేది సరిగ్గా ఆ క్షణమే.

కాగితం మీద సంతకం పెట్టి జనం ఒక సంస్థ నడుపుకోవడమంటే నాకేమీ గిట్టనితనం లేదు. మన పక్క ఏటికొప్పాకను లక్కబొమ్మల కోసం చూడ్డానికి వెళతాం గానీ, ఆ ఊరి చెరకు రైతులు 1933లోనే సహకార చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. దేశంలోని తొలి సహకార చక్కెర ఫ్యాక్టరీల్లో అదొకటి. అదీ స్వచ్ఛంద ఒప్పందమే, అక్కడా సంతకాలే. తేడా ఎక్కడంటే, సహకార సంఘంలో ఎకరం రైతుకూ ఒక ఓటే, ఇరవై ఎకరాల రైతుకూ ఒక ఓటే. ఆ ఫ్యాక్టరీ కూడా అప్పుల్లో కూరుకుని ఆగిపోయింది, కథ సుఖాంతం కాదు. కానీ బకాయి కోసం దాని గేటు ముందు బైఠాయించిన రైతు కస్టమరు కాదు, యజమాని. ప్రైవేటు నగరాల పుస్తకాలు రాసేవాళ్లకు ఈ రకం సంతకం ఎందుకు గుర్తుకు రాదో మీరే ఆలోచించండి.

ఇప్పుడు మన చుట్టూ నేలంతా కొత్త ప్రహరీల కొలతలే. 2025 జనవరి 8న ప్రధాని వచ్చి నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకూ, పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్బుకూ శంకుస్థాపనలు చేసి వెళ్లారు. నక్కపల్లి పక్క రాజయ్యపేట జాలర్లు మాకొద్దు మొర్రో అని రోడ్డెక్కారు. పరిశ్రమలు రావద్దని నేననను, బస్సు కోసం నిలబడే పిల్లల ముఖం చూసి ఆ మాట అనలేను. రేపు ఈ ప్రహరీలన్నీ కలిపి ‘స్మార్ట్’ అనో ‘గ్లోబల్’ అనో పేరు తగిలించి, ఒప్పందాల నగరం తెస్తాం, యలమంచిలినీ కలిపేస్తాం అని ఎవరైనా దిగితే మన షరతులు ముందే చెప్పిపెట్టడం మంచిది.

ప్రయోగం యలమంచిలిలో కాదు, అచ్యుతాపురంలో మొదలుపెట్టండి. ఏ ట్యాంకులో ఏ రసాయనం ఎంత ఉందో గేటు మీద తెలుగులో రాయండి. పేలితే ఏ వైపు పరుగెత్తాలో పక్క ఊళ్లలో ఇంటింటికీ చెప్పండి. కాలిన ఒంటికి వైద్యం అక్కడే దొరికేలా చేసి, దాని ఖర్చు ప్రహరీ లోపలివాళ్లే భరించండి. ఐలాలో కుట్టుమిషన్ల దగ్గరి ఆడపిల్లలు తామే ఓటేసి పంపిన మనిషికొక కుర్చీ వెయ్యండి, పూడిమడక జాలరికొక కుర్చీ వెయ్యండి, భూమి పోయిన రైతుకొక కుర్చీ వెయ్యండి. వాళ్లు వద్దన్నది ఆగుతుందని మీ ఒప్పందంలో మొదటి పేజీలోనే రాయండి.

ఇవన్నీ జరిగేదాకా, ఎంత నిగనిగలాడే కాగితం ఇంటికొచ్చినా, యలమంచిలి వాసులారా, దాని మీద సంతకం పెట్టకండి.